యుద్ధంలో ఆకాశం ఎవరిదో ట్రైనింగ్ స్కూల్లోనే సగం తేలిపోతుంది

మీరు అడిగింది ఇదీ: "మంచి ఫైటర్ విమానాలు సరిపడా ఉంటే గగనతల ఆధిపత్యం దానంతట అదే వస్తుంది కదా, పైలట్ శిక్షణ గురించి ఎందుకంత చెబుతారు?" ఇప్పటిదాకా వచ్చిన సమాధానాలు చూశాను. అన్నీ ఏ విమానానికి ఎంత వేగం, ఏ మిసైల్‌కి ఎంత రేంజ్ అన్న పోలికల మీదే నడిచాయి. అవి తప్పని కాదు గానీ, వాటితో మీ ప్రశ్నకి జవాబు దొరకదు. నేను వైమానిక దళంలో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను, సర్వీసులో ఎక్కువ భాగం శిక్షణ విమానాల లైన్ మీదే, అంటే విమానాలను నిలిపి సిద్ధం చేసే చోటే గడిచింది. ఫైటర్ నడిపినవాణ్ణి కాదు, కాబట్టి డాగ్‌ఫైట్ ఎలా ఉంటుందో అనుభవం మీద చెప్పలేను. కానీ ఒక పైలట్ తయారవడానికి ఎంత పని, ఎంత కాలం, ఎంతమంది మనుషులు కావాలో రోజూ దగ్గరుండి చూశాను, తర్వాత యుద్ధాల చరిత్ర చదివినప్పుడల్లా అదే కోణంలో చూడటం అలవాటైపోయింది.

గగనతల ఆధిపత్యం అంటే శత్రువు విమానాలు మన పనికి అడ్డం రాలేని స్థితి. మన సైన్యం కదలాలన్నా, మన బాంబర్లు వెళ్లి రావాలన్నా అది ఉండాలి. అది ఒక్క రోజు పోరాటంలో రాదు, వచ్చినా అలాగే ఉండిపోదు. నెలల తరబడి రెండు వైపులా విమానాలు కూలుతుంటాయి, పైలట్లు చనిపోతుంటారు. కూలిన విమానం స్థానంలో ఫ్యాక్టరీ ఇంకోటి పంపిస్తుంది, మరి చనిపోయిన పైలట్ స్థానంలోకి ఎవరొస్తారు, వచ్చినవాడు ఎన్ని గంటలు ఎగిరి వచ్చాడు అన్నదే అసలు లెక్క. 1940లో బ్రిటన్ మీద జర్మనీ దాడి చేసినప్పుడు బ్రిటిష్ ఫ్యాక్టరీలు స్పిట్‌ఫైర్లు, హరికేన్లు సరిపడా ఇస్తూనే ఉన్నాయి. ఫైటర్ కమాండ్ అధిపతి డౌడింగ్‌కి నిద్ర పట్టనివ్వనిది పైలట్ల కొరత. ఆయనకి కలిసొచ్చిన సంగతి ఏమిటంటే, పారాచూట్ వేసుకుని దూకిన బ్రిటిష్ పైలట్ సొంత పొలాల్లోనే దిగి, దెబ్బ తగలకపోతే సాయంత్రానికి స్క్వాడ్రన్‌కి వచ్చేసేవాడు. జర్మన్ పైలట్ దిగితే ఖైదీ.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో జపాన్ నౌకాదళ విమానాల కథలో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు, అందుకే దాని మీద కాస్త ఎక్కువ రాస్తాను. 1940 సెప్టెంబరులో చుంగ్‌కింగ్ దగ్గర జీరో ఫైటర్ మొదటిసారి యుద్ధంలోకి దిగింది. 13 జీరోలు తమకంటే ఎక్కువ సంఖ్యలో ఉన్న చైనా ఫైటర్ల మీద పడి, ఒక్కటి కూడా కూలకుండా తిరిగొచ్చాయి. పసిఫిక్ యుద్ధం మొదలయ్యే నాటికి జీరోకి ఉన్నంత రేంజ్, మలుపు తిరిగే చురుకు మిత్రదేశాల ఫైటర్లకి లేవు. దాన్ని నడిపినవాళ్లు కూడా మామూలు మనుషులు కాదు. సబురో సకాయ్ అనే ప్రసిద్ధ పైలట్ చెప్పిన ప్రకారం, ఆయన బ్యాచ్‌కి సుమారు 1,500 మంది దరఖాస్తు చేస్తే 70 మందిని తీసుకున్నారు, చివరికి పాసై బయటికొచ్చింది 25 మంది. అంత కఠినమైన వడపోత వల్ల మొదటి వరస అద్భుతంగా ఉంది. రెండో వరస మాత్రం లేదు. యుద్ధం ఏడాదిలో ముగిసిపోతుందన్న ధీమాతో, ఏళ్ల తరబడి సాగితే పైలట్లు ఎక్కడి నుంచి వస్తారన్న ఆలోచన చేయలేదు.

మిడ్‌వే యుద్ధంలో, అంటే 1942 జూన్‌లో, జపాన్ పైలట్లంతా పోయారని చాలామంది రాస్తుంటారు. అది సరికాదు. మిడ్‌వేలో నాలుగు విమాన వాహక నౌకలు మునిగాయి గానీ, విమాన సిబ్బందిలో చనిపోయింది సుమారు 110 మంది. అదే ఏడాది అక్టోబరులో శాంతా క్రూజ్ దగ్గర జరిగిన పోరాటంలో జపాన్ ఒక రకంగా గెలిచింది, హార్నెట్ అనే అమెరికన్ వాహక నౌక మునిగింది. కానీ ఆ గెలుపులో జపాన్ 148 మంది విమాన సిబ్బందిని పోగొట్టుకుంది, మిడ్‌వే ఓటమిలో పోయినవాళ్ల కంటే ఎక్కువ. దానితోపాటు రబౌల్ స్థావరం నుంచి గ్వాడల్‌కెనాల్ దీవికి రోజూ వెయ్యి కిలోమీటర్లు వెళ్లడం, పోరాడటం, మళ్లీ వెయ్యి కిలోమీటర్లు రావడం. దెబ్బ తిన్న విమానం దారిలో సముద్రంలో పడితే పైలట్‌ని వెతికే ఏర్పాటు పెద్దగా లేదు. పైలట్లకి మలేరియా, అలసట. సెలవు లేదు, మార్పిడి లేదు, చచ్చేదాకా ముందు వరసలోనే. సకాయ్‌కి 1942 ఆగస్టులో తలకి గుండు తగిలింది. నెత్తురు కారుతూ, సగం చూపుతో నాలుగు గంటలకు పైగా నడిపి రబౌల్‌లో దిగాడు. ఆ గాయంతో కుడి కన్ను పోయిన తర్వాతే అలాంటి అనుభవజ్ఞుణ్ణి ఇన్‌స్ట్రక్టర్‌గా వేశారు. 1944లో ఒంటి కన్నుతోనే మళ్లీ ఇవో జిమా దీవి దగ్గర పోరాడటానికి పంపారు.

ఇప్పుడు అటు వైపు చూడండి. జాన్ థాచ్ అనే అమెరికన్ నేవీ ఆఫీసర్ 1941లో, జీరో గురించి వచ్చిన సమాచారం చదివి, కాలిఫోర్నియాలోని ఇంట్లో వంటింటి బల్ల మీద అగ్గిపుల్లలు పేర్చుకుని ఆలోచించాడు. తన వైల్డ్‌క్యాట్ ఫైటర్ మలుపులో జీరోకి ఎప్పటికీ సాటి రాదు. మరి రెండు విమానాలు పక్కపక్కన ఎగురుతూ, ఒకదాని వెనక శత్రువు పడగానే ఇద్దరూ ఒకరి వైపు ఒకరు తిరిగితే? వెంటపడినవాడు రెండో విమానం తుపాకులకి ఎదురుగా వచ్చి పడతాడు. మిడ్‌వేలో అదే ఉపాయంతో ప్రాణం దక్కించుకుని కొన్ని జీరోలను కూల్చాడు కూడా. ఇక్కడ నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఆ తర్వాత జరిగింది. అంత పనిమంతుణ్ణి నేవీ యుద్ధం నుంచి వెనక్కి తీసి, ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో కొత్తవాళ్లకి నేర్పే పనిలో పెట్టింది. అతను ముందు వరసలో ఉంటే ఇంకో పది విమానాలు కూల్చేవాడేమో. స్కూల్లో కూర్చున్నందువల్ల అతని విద్య వందల మంది చేతుల్లోకి వెళ్లింది. యుద్ధం గెలవని దశలో, మనుషులు చాలని సమయంలో, ఉన్న మేటి పైలట్‌ని వెనక్కి పిలవాలంటే ఎంత నిబ్బరం కావాలో ఆలోచించండి.

ఇంకో సంగతి. విమాన వాహక నౌక మీద దిగడం నేర్పాలంటే నౌక కావాలి, యుద్ధంలో ఉన్న నౌకను స్కూలుకి ఇవ్వలేరు. అందుకని మిచిగన్ సరస్సులో తిరిగే రెండు పాత ప్రయాణికుల స్టీమర్ల పైభాగం తీసేసి, చదునైన డెక్ వేశారు. వుల్వరీన్, సేబుల్ అని పేర్లు. పక్క చక్రాలతో బొగ్గు మీద నడిచే ఓడలు, విమానాలు కిందికి దించే లిఫ్ట్ లేదు, హ్యాంగర్ లేదు. జలాంతర్గాముల భయం లేని ఆ మంచినీటి సరస్సులో, షికాగో పక్కన, 17,000 మందికి పైగా పైలట్లు డెక్ మీద దిగడం నేర్చుకుని వెళ్లారు. కొన్ని విమానాలు సరస్సు అడుగునే ఉండిపోయాయి, కొందరు కుర్రాళ్లు చనిపోయారు కూడా. అయినా ఆపలేదు.

ఈ రెండు దారులూ 1944 జూన్ 19న మరియానా దీవుల దగ్గర ఎదురుపడ్డాయి. జపాన్ అప్పటికి కొత్త విమానాలు, కొత్త నౌకలు కూడగట్టుకుంది. పైలట్లలో చాలామంది కొన్ని నెలల శిక్షణతో వచ్చినవాళ్లు. అది చాలదన్నట్టు, పోరుకి ముందు నౌకాదళం తావి తావి అనే చోట లంగరు వేసుకుని ఉంది. దగ్గర్లో పనికొచ్చే ఎయిర్‌ఫీల్డ్ లేదు, బయటికి వెళ్దామంటే అమెరికన్ జలాంతర్గాములు కాపు కాస్తున్నాయి. నెల రోజులపాటు సరిగా ఎగరకపోయేసరికి నేర్చుకున్న ఆ కాస్తా తుప్పు పట్టింది. ఎదురుగా ఉన్న అమెరికన్ పైలట్లు రెండేళ్ల దాకా శిక్షణ పొందినవాళ్లు, వందల గంటలు ఎగిరినవాళ్లు, వాళ్లకి రాడార్ చూసి దారి చెప్పే ఆఫీసర్లు కూడా అదే పనిలో తర్ఫీదు పొందారు. ఆ ఒక్క రోజులో జపాన్ మూడు వందలకు పైగా విమానాలు పోగొట్టుకుంది, పోరాటంలో అమెరికా పోగొట్టుకున్నది సుమారు 30. నాలుగు నెలల తర్వాత ఫిలిప్పీన్స్‌లోని లేటే దగ్గర ఆత్మాహుతి దాడులు మొదలయ్యాయి. దాని గురించి వీరత్వం, పిచ్చి అని రకరకాలుగా రాస్తారు. నాకు మాత్రం శిక్షణ ఇవ్వడం చేతకాని స్థితికి వచ్చిన ఒక వ్యవస్థ, పసివాళ్లని ఎక్కించి తిరిగి రావద్దని పంపడంలా కనిపిస్తుంది. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

జర్మనీ కథ వేరే దారిలో మొదలై అక్కడికే చేరింది. 1942 చివర స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకున్న సైన్యానికి సరుకులు చేరవేయడానికి, శిక్షణ స్కూళ్లలోని యుంకర్స్-52 విమానాలను, వాటితోపాటు ఇన్‌స్ట్రక్టర్లను పట్టుకుపోయారు. విత్తనాలకు దాచిన వడ్లు దంపుకుని వండుకున్నట్టే అది. 1944 జనవరి నుంచి మే దాకా ఐదు నెలల్లో వాళ్లు పోగొట్టుకున్న పగటి ఫైటర్ పైలట్లు 2,262 మంది. ఆ కాలంలో సగటున వాళ్ల దగ్గర ఉన్నదే 2,283 మంది. మేలో అమెరికన్ బాంబర్లు సింథటిక్ ఇంధనం ఫ్యాక్టరీలను కొట్టడం మొదలుపెట్టాక విమాన ఇంధనం ఉత్పత్తి సెప్టెంబరుకి పదో వంతుకు కూడా చాలకుండా పోయింది, అందులో మొదటి కోత స్కూళ్లకే. కొత్త జర్మన్ పైలట్ 110, 120 గంటలతో యుద్ధానికి వచ్చేవాడు, ఎదురుగా వచ్చే బ్రిటిష్, అమెరికన్ పైలట్‌కి దానికి మూడింతలు. ఇక్కడే మీ ప్రశ్నకి నేరుగా జవాబు ఉంది: అదే 1944 సెప్టెంబరులో జర్మనీ ఫైటర్ల ఉత్పత్తి యుద్ధం మొత్తంలోకీ గరిష్ఠ స్థాయికి చేరింది, ఆ ఒక్క నెలలో దాదాపు మూడు వేలు! విమానాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నడిపేవాడు లేడు, పోయడానికి పెట్రోలు లేదు. ఎరిక్ హార్ట్‌మన్‌లా 352 విమానాలు కూల్చినవాడు ఉండి కూడా ఆ ఆకాశం జర్మనీది కాలేదు.

అలాగని విమానం ఏదైనా ఒకటే అని నేను అనడం లేదు. బెర్లిన్ దాకా వెళ్లి రాగల మస్టాంగ్ అనే అమెరికన్ ఫైటర్ లేకపోతే ఆ జర్మన్ పైలట్లను వెతికి కొట్టడం సాధ్యమయ్యేది కాదు. విమానంలో కొంత తేడా ఉంటే మంచి శిక్షణ దాన్ని పూడుస్తుంది, తేడా మరీ ఎక్కువైతే పూడ్చలేదు, ఈ రోజుల్లో రాడార్, మిసైల్ రేంజ్‌ల దగ్గర ఇది ఇంకా నిజం.

వియత్నాంలో మాత్రం విమానం అదే, మిసైల్ దాదాపు అదే, ముఖ్యంగా మారింది శిక్షణ, కాబట్టి పోల్చి చూడటానికి వీలుగా ఉంటుంది. 1965 నుంచి 68 దాకా అమెరికన్ నేవీ ఒక విమానం పోగొట్టుకుంటే ఉత్తర వియత్నాం నడిపే మిగ్ ఫైటర్లను సుమారు రెండు కూల్చింది. కారణాలు వెతికి, 1969 మార్చిలో మిరామార్‌లో టాప్‌గన్ స్కూలు పెట్టారు. మిగ్‌లా ఎగిరే చిన్న విమానాలను ఎదురు పెట్టి, తప్పులు దాచకుండా చర్చించే పద్ధతి తెచ్చారు. 1972లో ఆ నిష్పత్తి పన్నెండుకి ఒకటి దాకా పెరిగింది. అప్పటికి అలాంటి స్కూలు పెట్టని అమెరికన్ ఎయిర్‌ఫోర్స్ రెండు దగ్గరే ఉండిపోయింది. మొదటి పది మిషన్లు బతికితే తర్వాత బతికే అవకాశం బాగా పెరుగుతుందని గమనించి, ఆ పదీ శాంతికాలంలోనే చేయించాలని వాళ్లు 1975లో రెడ్ ఫ్లాగ్ విన్యాసాలు మొదలుపెట్టారు. మన వైమానిక దళం 1971లోనే, డిసెంబరు యుద్ధానికి కొన్ని నెలల ముందు, ఇలాంటి పనికే ఒక యూనిట్ పెట్టింది. దాన్నే ఇప్పుడు టాక్డే అంటాం, గ్వాలియర్‌లో ఉంటుంది.

ఇక నేను చూసినది. శిక్షణ అనగానే జనానికి గాలిలో పల్టీలు గుర్తొస్తాయి. లైన్ మీద కనిపించేది వేరు. తెల్లవారకముందే క్యాడెట్లు వచ్చి, విమానం పక్కనే కళ్లు మూసుకుని నిలబడి, లేని స్విచ్‌లను వేళ్లతో నొక్కుతూ పెదాలు కదుపుతూ ఉంటారు. కళ్లకు గంతలు కట్టి కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి, ఇన్‌స్ట్రక్టర్ పేరు చెప్పిన స్విచ్ మీద చేయి వేయమంటారు, తడబడితే ఆ రోజు ఫ్లయింగ్ లేదు. కిరణ్ అనే శిక్షణ జెట్‌లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. సోలో రోజున, అంటే క్యాడెట్ మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజున, ఇన్‌స్ట్రక్టర్ కిందికి దిగి, ఖాళీ అయిన తన సీటు బెల్టులు కంట్రోల్స్‌కి తగలకుండా బిగించి కట్టి, కుర్రాడి భుజం తట్టి పక్కకి వస్తాడు. విమానం పైకి లేచిన తర్వాత ఆయన మాతో మాట్లాడడు, ఏం అడిగినా వినపడదు, కళ్లు రన్‌వే చుట్టూ ఆ విమానం తిరిగే సర్క్యూట్ మీదే. ఆ మనిషి మొహంలో టెన్షన్ చూస్తే తెలిసేది, నేర్పేవాడి పని ఎంత బరువో. కిందికొచ్చాక డీబ్రీఫ్ ఉంటుంది. అక్కడ ర్యాంకు మొహమాటాలు ఉండవు, అరచేతులనే విమానాలు చేసి ఎక్కడ ఆలస్యమైందో సెకన్లతో సహా చెబుతారు. నలభై నిమిషాల సార్టీకి గంట డీబ్రీఫ్ అయిన రోజులు మామూలే. నా దృష్టిలో పైలట్ తయారయ్యేది ఎక్కువగా ఆ గదిలోనే.

కాలం ఎంత పడుతుందో అందరికీ తెలిసిన ఉదాహరణతో చెబుతాను. అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016 జూన్ 18న హైదరాబాద్ పక్కన దుండిగల్ అకాడమీలో కమిషన్ తీసుకున్నారు. దేశంలో మొదటి మహిళా ఫైటర్ పైలట్లు. అవని మిగ్-21ని ఒంటరిగా నడిపింది 2018 ఫిబ్రవరిలో. భావన పగటిపూట యుద్ధ మిషన్లకు అర్హత పొందింది 2019 మేలో. అంటే భుజానికి ర్యాంకు వచ్చాక కూడా దాదాపు మూడేళ్లు, అదీ పగటికి మాత్రమే. దుండిగల్‌లో పిలాటస్, హకీంపేటలో కిరణ్, బీదర్‌లో హాక్, ఆ తర్వాత స్క్వాడ్రన్: ఈ మెట్లలో ఏ ఒక్కటి విరిగినా మొత్తం ఆగుతుంది. హాక్ లాంటి అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ కావాలని 1982లోనే కమిటీ సిఫారసు చేసింది. ఒప్పందం అయింది 2004లో, బీదర్‌లో సర్వీసులోకి వచ్చింది 2008లో. ఆ పాతికేళ్లూ మన కుర్రాళ్లు నెమ్మదైన శిక్షణ విమానాల నుంచి, గంటకి 300 కిలోమీటర్లకు పైగా వేగంతో రన్‌వే తాకే మిగ్-21 మీదికి ఎక్కారు. మిగ్‌ని ఎగిరే శవపేటిక అని పత్రికలు తిట్టాయి గానీ, మధ్యలో మెట్టు లేకపోవడం గురించి అంత గట్టిగా రాయలేదు. యుద్ధం లేకుండానే ప్రాణాలు పోయాయి. నాకు ఇప్పటికీ కోపం వచ్చే విషయం ఇది.

1965 పాకిస్తాన్ యుద్ధం గురించి కూడా చెప్పాలి. కాగితం మీద మన నాట్ ఫైటర్ కంటే పాకిస్తాన్ సేబర్ ఫైటర్ ఎన్నో విధాల మెరుగు, నాట్ తుపాకులు తరచూ జామ్ అయ్యేవి. అయినా మనవాళ్లు దాని చిన్న సైజుని, నిలువునా పైకి లేచే గుణాన్ని వాడుకునేలా సాధన చేసి సేబర్లను కూల్చారు. అదే యుద్ధంలో సెప్టెంబరు 7న సర్గోధా దగ్గర స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ దేవయ్య, దెబ్బ తిన్న తన మిస్టేర్ విమానంతో, ధ్వనికి రెండింతల వేగం గల పాకిస్తాన్ స్టార్‌ఫైటర్‌ని కూల్చి తానూ నేలకొరిగాడు. మిస్టేర్‌కి ఆ వేగంలో దాదాపు సగమే ఉంది. యుద్ధం వచ్చే సమయానికి ఆయన ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్. మహావీర్ చక్ర దక్కింది 1988లో.

ఈ కాలానికి వస్తే, ఉక్రెయిన్‌కి ఎఫ్-16లు ఇస్తామని 2023లో మాట ఇచ్చారు, మొదటివి 2024 ఆగస్టులో గానీ ఎగరలేదు. విమానాలు పక్కన పెట్టే ఉన్నాయి, శిక్షణ సీట్లు, భాష, ఇన్‌స్ట్రక్టర్లు, మెకానిక్‌లు దొరకడమే కష్టమైంది. అందుకే మన దగ్గర మంజూరైన 42 స్క్వాడ్రన్లకు 2025లో 29 మాత్రమే మిగిలాయన్న వార్త చదివి బాధపడేవాళ్లు, 2023లో ఆర్డరిచ్చిన 70 హెచ్‌టీటీ-40 శిక్షణ విమానాలు ఎప్పుడు చేతికొస్తాయో కూడా అడగాలి, పైలట్‌కి ఏడాదికి ఎన్ని గంటలు దొరుకుతున్నాయో కూడా అడగాలి. సిమ్యులేటర్లు చాలా బాగున్నాయి, అత్యవసర డ్రిల్స్‌కి వాటిని మించినవి లేవు, కానీ ఏడు జీల బరువు, అంటే మామూలుకి ఏడింతల బరువు, మెడ మీద పడినప్పుడు రాడార్ తెర చదవడం వాటిలో రాదు.

మీ ప్రశ్న చివర్లో తమ్ముడు ఏఎఫ్‌క్యాట్ అనే వైమానిక దళ ప్రవేశ పరీక్ష రాస్తున్నాడని ఒక్క లైన్ రాశారు. ఫ్లయింగ్ బ్రాంచి కోరుకుంటే సీపీఎస్‌ఎస్ అనే పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష ఉంటుంది, అది జీవితంలో ఒక్కసారే, తప్పితే మళ్లీ రాయనివ్వరు. నిద్ర చాలకుండా, రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి నేరుగా వెళ్లి కూర్చోవద్దని చెప్పండి. వైద్య పరీక్షలో కళ్లు, కాళ్ల పొడవు, కూర్చున్నప్పటి ఎత్తు చూస్తారు కాబట్టి వాటి కొలతలు ఇప్పుడే మీ ఊళ్లో ఒకసారి చూపించుకోమనండి. మిగతా సందేహాలు ఉంటే ఇక్కడే అడగమనండి, తెలిసినంత వరకు చెబుతాను.